రైతు యింట నుండవలసిన నోటుపుస్తకము

భైంసా మార్కెట్టులో పత్తి తూకములు సాగు దినములలో రైతు చేతికి వచ్చు కాగితములకు లెక్క లేదు. వేబ్రిడ్జి వద్ద బండి తూకపు చీటీ యొకటి, మార్కెట్టులో తక్‌పట్టీ యొకటి, బ్యాంకులో సొమ్ము తీసినప్పుడు యంత్రము నుండి వెలువడు చీటీ యొకటి. అంతకు ముందు వానకాలమున విత్తనముల దుకాణమువారిచ్చిన బిల్లు, ఎరువుల బిల్లు, సహకార సంఘమున వాయిదా చెల్లించిన రశీదు. ఇవన్నియు అంగీ జేబులో కొంతకాలము, గోడకు వ్రేలాడు సంచిలో కొంతకాలము, దేవుని పటము వెనుక కొంతకాలము ఉండును. అక్కరపడిన దినమున వెదకినచో రెండు దొరకును, రెండు దొరకవు. దొరికిన వానిలో నొకటి తెల్లకాగితమై యుండును.

ఇట్లు తెల్లబడుటలో మోసమేమియు లేదు. బ్యాంకు యంత్రములలోను, బస్సు టిక్కెట్టు యంత్రములలోను, చాలచోట్ల తూకపు యంత్రములలోను పెట్టు చుట్టకాగితముపై సిరాతో అచ్చు పడదు. ఆ కాగితమునకు ముందే ఒక రసాయనపు పూత పూసియుందురు. యంత్రములోని వేడి తగిలినచోట ఆ పూత నల్లబడి అక్షరమగును. వేడిచే పుట్టిన యక్షరము వేడికిని, వెలుతురునకును, నూనెచేతికిని, ప్లాస్టిక్ సంచి రాపిడికిని నిలువదు. మన మే నెల యెండలలో మోటారుసైకిలు పెట్టెయందు పడియున్న చీటీ యొక వేసవి దాటుట కష్టము. కాబట్టి అట్టి చీటీ చేతికి వచ్చిన దినముననే అందలి యంకెలు పుస్తకమున కెక్కవలెను. పుస్తకమున కెక్కని తూకము, ఆరు నెలల తరువాత ఎవరు బిగ్గరగా మాటలాడిన వారి తూకమే యగును.

అందువలన ఈ నెల మేము వ్రాయబూనిన విషయము చిన్నదిగా కన్పట్టినను చిన్నది కాదని మా యభిప్రాయము. రైతు కొనదగిన నోటుపుస్తకమేది? దానిలో నేమి వ్రాయవలెను? ఎట్లు వ్రాయవలెను? విత్తనపు రకమును గూర్చి గంటసేపు విచారించు మనము, పది యెకరముల లెక్క నిలుపవలసిన పుస్తకము విషయమున మాత్రము పిల్లవాని బడిసంచిలో మిగిలిన దానితో సరిపుచ్చుకొనుచున్నాము.

పూర్వము మన గ్రామములలో వ్రాత యిద్దరి చేతిలో నుండెను. భూమి లెక్క పట్వారీది, బాకీ లెక్క సాహుకారుది. రైతు వంతు వేలిముద్ర. ముథోల్ తాలూకా 1956కు పూర్వము నాందేడు జిల్లాలో నుండెడిది గనుక, ఈ ప్రాంతపు వ్యాపారుల ఖాతాలు మరాఠీలోను, కొన్ని మోడీ లిపిలోను సాగినవి. తెలుగు చదువనేర్చిన రైతునకు సయితము తన బాకీ యెంతయో ఆ పుస్తకములో చదువుట సాధ్యము కాకుండెను. పట్వారీ దస్త్రములకు వాడిన కాగితము మాత్రము పరదేశముది కాదు. ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోరుట్లలో చేతికాగితము తయారగుచుండెను. ఆ ముతక కాగితముపై పట్వారీలు లెక్కలు వ్రాసికొనుచుండిరి. పట్వారీల పదవులు 1984లో రద్దయినవి.

వ్రాత ఒకరి చేతిలోనే యున్నచో నేమగునో మనకు పడమటనున్న మహారాష్ట్ర రైతులు 1875లో లోకమునకు చూపిరి. ఆ సంవత్సరము మే నెల 12వ తేదీన పూనా జిల్లాలోని సూపా సంతలో రైతులు గుంపుకూడి సాహుకార్ల యిండ్లపై బడిరి. పూనా, అహమదునగరు జిల్లాలలోని అనేక గ్రామములకు ఆ కల్లోలము ప్రాకెను. ఇచట గమనింపదగిన దొకటి కలదు. ఆ రైతులు ముఖ్యముగా వెదకినవి ధనము కాదు, ధాన్యము కాదు. తమ బాకీ పత్రములు. దొరికినచోట వానిని తగులబెట్టిరి. తరువాత 1879లో దక్కను రైతుల సహాయ చట్టము వచ్చినప్పుడు, బాకీపడిన రైతు చెల్లించిన సొమ్మునకు వ్రాతమూలకమైన రశీదు, ఏటేట లెక్క, కోరినచో పాసుబుక్కు ఋణదాత ఇయ్యవలెనని అందు నియమములు చేర్చిరి. అది నాలుగు బొంబాయి జిల్లాల కొఱకు చేసిన చట్టము. నిజాము రాజ్యమున నున్న మన తాతలకు వర్తింపలేదు. ఇప్పుడు సంఘమున సభ్యునకు పాసుబుక్కు ఉన్నది. అయినను పాసుబుక్కు సంఘము వ్రాయునది. రైతు తన చేతితో వ్రాసికొనునది వేరొకటి ఉండవలెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనగలిగినప్పుడే లెక్క సరిచూచుట యగును.

న్యాయస్థానము వారు నోటుపుస్తకమును ఏ కంటితో చూతురో తెలిసికొనుట మంచిది. 1998లో భారత సుప్రీంకోర్టు వారు ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యమున ఈ ప్రశ్ననే విచారించిరి. ఒక వ్యాపారి కుటుంబమువారి లెక్కలు కొన్ని తీగచుట్టల నోటుపుస్తకములలోను, కొన్ని దస్త్రములో పెట్టిన విడి కాగితములలోను దొరికినవి. నోటుపుస్తకములు ‘పుస్తకము’ అను మాట క్రిందికి వచ్చుననియు, విడి కాగితములు రావనియు కోర్టువారు తీర్మానించిరి. పుస్తకమైనను అందలి వ్రాత ఒక్కటియే ఇతరులపై బాధ్యత మోపుటకు చాలదనియు, దానికి తోడు వేరు సాక్ష్యము కావలెననియు కూడ చెప్పిరి. 1872 నాటి సాక్ష్యపు చట్టములోని ఈ నియమము, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున కూడ నిలిచియున్నది. కావున నోటుపుస్తకమున వ్రాసికొన్నంత మాత్రమున ఎదుటివాడు బాకీపడినట్లు రుజువు కాదు. రశీదు, తక్‌పట్టీ, బ్యాంకు ఖాతా దానికి తోడు రావలెను.

మరియొక నియమము రైతునకు ఎక్కువ అక్కరకు వచ్చును. సంగతి జరిగినప్పుడో, వెంటనే తరువాతనో తాను స్వయముగా వ్రాసికొన్న దానిని చూచి సాక్షి తన జ్ఞప్తిని సరిచేసికొనవచ్చును. నాలుగు నెలల తరువాత ఊహించి నింపిన పుస్తకమున కీ గౌరవము లేదు. నాటి వ్రాత నాడే వ్రాయవలెనని మేము మాటిమాటికి చెప్పుటకు ఇది యొక కారణము.

విత్తనముల సంగతి ఇంకను ముఖ్యము. నాసి విత్తనముచే నష్టపడిన ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములలో 2012లో సుప్రీంకోర్టువారు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు తీర్పుచెప్పిరి. కొన్న విత్తనమంతయు విత్తుకొను రైతు, పరీక్షకై కొంత దాచియుండవలెనని వాదించుట తగదనియు అన్నారు. ఫిర్యాదునకు గడువు రెండు సంవత్సరములు. అయినను ఏ దుకాణమున కొంటివి, ఏ రకము, ఏ లాటు నంబరు, ఏ చేనున ఏ దినమున విత్తితివి, ఎన్నవ దినమున మొలక చూచితివి అని యడిగినప్పుడు చెప్పవలసినవాడు రైతే కదా. మృగశిర కార్తెలో వానను చూచి పరుగెత్తు దినములలో లాటు నంబరును ఎవరు జ్ఞాపకముంచుకొందురు? సంచిపైనున్న చీటీని కత్తిరించి పుస్తకమున అంటించినచో జ్ఞాపకముతో పని లేదు.

ఇక పుస్తకమును కొను సంగతి. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు ఈ విషయమున కొంత గర్వింపదగిన సంబంధము కలదు. సిరిపూరు కాగితపు మిల్లు 1938లో స్థాపితమై 1942లో కాగితము తీయసాగెను. అడవులలోని వెదురు దానికి ముడిసరకు. ఆ మిల్లు మూలముననే ఆ యూరికి కాగజ్‌నగర్ అను పేరు వచ్చెను. 2014లో మిల్లు మూతపడి వేలాది కుటుంబములు చిక్కులపాలైనవి. 2018లో జె.కె. పేపరు కంపెనీవారు దానిని కైకొని మరల నడిపించిరి. అది యిప్పుడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో నున్నది. బడిపిల్లలు వ్రాయు నోటుపుస్తకములపై జి.యస్.టి. పన్ను కూడ 2025 సెప్టెంబరు 22 నుండి తొలగిపోయినది. ధర విషయమున సంకోచింపవలసిన పని లేదు. ఒక పురుగుమందు సీసా ధరలో కొద్దిపాటి భాగముతో ఏడాదికి చాలిన మంచి పుస్తకము వచ్చును.

అంగడిలో మొదట చూడవలసినది కుట్టు. కాగితపు తెలుపును, అట్టమీది బొమ్మను చూచి మోసపోరాదు. పలుచని పుస్తకములను నడుమకు మడిచి రెండు పిన్నులు కొట్టుదురు. ఇవి పిల్లల యభ్యాసమునకు చాలును. ఒక ఆకు చినిగినచో దాని జంట ఆకు తానే ఊడివచ్చును. తేమకు పిన్నులు త్రుప్పుపట్టి చుట్టు కాగితమును తినివేయును. లావు పుస్తకములలో కొన్నింటి వీపునకు జిగురు మాత్రము పూసియుందురు. ఇవి అంగడిలో చక్కగా నుండును, ఎండకు జిగురు పెళుసెక్కి ఆకులు గుత్తులుగుత్తులుగా రాలును. తీగచుట్ట పుస్తకము చదునుగా తెరచుకొనును గాని ఆకును జాడ తెలియకుండ లాగివేయుట సులభము. సంచిలో తీగ వంగిపోవును. లెక్కలకు తగినది దారముతో మడతమడతగా కుట్టి గట్టి అట్ట వేసిన పుస్తకము, అనగా దుకాణములలో రిజిస్టరు అని అడిగినచో ఇచ్చునది. నడుమకు తెరచి చూడుడు, దారము కనబడవలెను. వీపు చూడుడు, చిన్న చిన్న కట్టలు వరుసగా కూర్చినట్లుండవలెను. అట్లున్నచో తీసికొనుడు.

తరువాత కాగితము. కాగితపు దళసరిని చదరపు మీటరునకు ఇన్ని గ్రాములని కొలుతురు. సామాన్యపు బడి పుస్తకములలో 54 మొదలు 60 గ్రాముల వరకు ఉండును. లెక్కపుస్తకమునకు 70 గ్రాములది మేలు. కొన్ని పుస్తకములపై ఈ యంకె అచ్చువేసియుందురు. లేనిచో దుకాణములోని త్రాసే చాలును. ఒకే కొలత, ఒకే పేజీల సంఖ్య, ఒకే విధమైన అట్ట గల రెండు పుస్తకములను తూచినచో బరువైన దానిలో కాగితము దళసరి. ఇచ్చట నొక మాట. అట్టమీద 200 పేజీలని యున్నచో ఆకులు నూరే. ఇరువైపుల వ్రాయనిచ్చు కాగితమైనప్పుడే అవి నిజముగా 200 పేజీలు.

ఇరువైపుల వ్రాయనిచ్చునో లేదో తెలిసికొనుట కొక పరీక్ష. కొనకముందు దుకాణదారుని అనుమతితో చివరి యాకుపై నాలుగక్షరములు వ్రాసి వెనుకకు త్రిప్పి చూడుడు. సిరా దిగి వెనుక మచ్చలు పడినచో ఆ కాగితము పనికిరాదు. మిల్లులో కాగితమునకు గంజి మొదలగు పదార్థములు పట్టించుట సిరా వ్యాపింపకుండుటకే. ఆ గంజి చాలని కాగితము అద్దుడు కాగితమువలె సిరాను పీల్చును. వ్రేలికొన తడిచేసి ఒక మూల అద్దినను తెలియును. వెంటనే చెమ్మ పీల్చి ఆవలివైపు కనబడినది బలహీనమైన కాగితము. వార్తాపత్రికల కాగితమువంటి గరుకు కాగితము చౌక. కాని దానిలో కట్టెలోని జిగట పదార్థము తీసివేయబడక మిగిలియుండుటచే రెండు మూడేండ్లలో పసుపెక్కి మడిచినచోట విరుగును. కన్ను మిరుమిట్లు గొలుపు తెలుపు కూడ అక్కరలేదు. కొంచెము మీగడరంగున నున్న కాగితము ఎండలో గట్టుపై కూర్చుండి వ్రాయువానికి సుఖము.

కొలత విషయమున అందరికి ఒకే సలహా చెప్పలేము. మా యెరుకలో మంచి లెక్కలు నిలుపు రైతులు రెండు పుస్తకములు ఉంచుచున్నారు. జేబులో పట్టు చిన్నది చేనికి, మార్కెట్టునకు; ఇంటిలో పెద్దది. చిన్నదానిలో బండి యొద్ద నిలువబడి అంకెలు గీసికొందురు, రాత్రి భోజనమైన పిమ్మట పెద్దదానిలో శుభ్రముగ నెక్కింతురు. చిన్న పుస్తకమునకు పిన్నుల కుట్టు చాలును, అది చిరుగుటకే పుట్టినది. ఒకే పుస్తకముతో జరుపుకొనదలచినవారు నడిమి కొలతది, గట్టి అట్టది తీసికొని, దానికొక పెన్ను దారముతో కట్టవలెను. పెన్ను దొరకక మానిన వ్రాతలు, సోమరితనముచే మానిన వానికంటె ఎక్కువని మా నమ్మకము.

పెన్నులలో నూనెసిరాతో నడుచు మామూలు బాల్‌పెన్ను రైతునకు సరియైనది. వాన చినుకు పడినను, చెమట చేయి తగిలినను అక్షరము చెదరదు. జెల్ పెన్ను వ్రాత అందముగ నుండును గాని అనేక రకములలో సిరా నీటికి వ్యాపించును. పెన్సిలు వ్రాత ఎండకు, నీటికి చెడదు. చేని పటము గీసికొనుటకు, విత్తు సాళ్ల లెక్కకు దానిని వాడవచ్చును. చెరుపుటకు వీలున్నది గనుక ఇతరులతో లెక్కలకు వాడరాదు. ఇప్పుడు రుద్దినచో మాయమగు సిరా పెన్నులను విద్యార్థుల కమ్ముచున్నారు. రుద్దుటలో పుట్టు వేడికి ఆ సిరా రంగు పోవును. మూసియున్న కారులో ఎండకు పెట్టినచో పుస్తకమంతయు తెల్లబోవచ్చును. పిల్లల సంచి నుండి పెన్ను తీసికొనువారు ఇది గమనింతురుగాక.

పుస్తకము ఇంటికి రాగానే చేయవలసిన పని, మొదటి ఆకు మొదలు చివరి యాకు వరకు పేజీల యంకెలు వేయుట. ఇది అరగంట పని. పిల్లలకు అప్పగించినచో సంతోషముతో చేయుదురు. అంకెలు వేసిన పుస్తకములో ఆకు చినిగినచో తెలిసిపోవును. మొదటి పేజీపై సంవత్సరము, చేల పేర్లు, విస్తీర్ణము, సర్వే నంబర్లు వ్రాయవలెను. విస్తీర్ణము ఎకరములు గుంటలలో వ్రాయునప్పుడు నలువది గుంటలు ఒక యెకరమని మరువక, 2 యెకరముల 20 గుంటలను 2.20 అని వ్రాసి తరువాత రెండున్నరగా లెక్కింపవలసినచోట తడబడకుండుడు. ఈ చుక్క చేసిన తగాదాలు తక్కువ కావు.

పిమ్మట ఒక్కొక్క చేనికి కొన్ని పేజీలు విడువవలెను. ఇదియే మా ముఖ్యమైన సలహా. మన రైతులలో లెక్క వ్రాయువారు కూడ ఖర్చంతయు ఒకచోట, రాబడియంతయు ఒకచోట వ్రాయుదురు. ఏడాది చివర మిగిలినదో తగ్గినదో తెలియును గాని ఎక్కడ మిగిలినదో తెలియదు. మచ్చునకు ఒక రైతునకు బావి చేను, వాగొడ్డు చేను అని రెండున్న వనుకొందము. రెండింట పత్తియే. బావి చేనున ఎకరమునకు 8 క్వింటాళ్లు, ఒడ్డు చేనున 6 క్వింటాళ్లు దిగినవి. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున బావి చేని రాబడి 56,000, ఒడ్డు చేనిది 42,000. బావి చేనే మేలని ఊరందరు చెప్పుదురు. బావి చేనికి ఎకరమునకు 34,000 ఖర్చై, ఒడ్డు చేనికి 18,000 మాత్రమే అయినచో? మొదటిదానిలో 22,000, రెండవదానిలో 24,000 మిగులును. ఇవి మేము కల్పించిన యంకెలే. కాని చేనిచేనికి వేరు పేజీ లేనిదే ఇట్టి సంగతి నిజముగా జరిగినను తెలియదు. గడ్డెన్నవాగు నీటిక్రింద కొంత, వానమీద కొంత సాగుచేయువారికి ఇది మరింత అవసరము.

ఖర్చులలో విత్తనము, ఎరువు, మందు ఎట్లును బిల్లులతో నుండును. జారిపోవునవి కూలి ఖర్చులు. పత్తి ఏరు దినములలో నొక్కొక్కరు ఏరిన కిలోలు, ఇచ్చిన సొమ్ము, ఇయ్యవలసినది ఆ దినమే వ్రాయవలెను. ఇందు రైతు లాభము మాత్రమే చూచికొనరాదు. కిలో చొప్పున ఏరు కూలిమనిషికి తన తూకము తాను చూచుకొను సాధనము లేదు. సాయంకాలము అందరి యెదుట పేరుపేరున చదివి వినిపించినచో ఆమెకును నమ్మకము, మరునాడు కూలి దొరకునో లేదోయను బెంగ రైతునకును తగ్గును. ఇంటివారి కష్టమునకు కూలి వ్రాయువారు అరుదు. వ్రాసి చూడుడు, పంట మిగులు వేరుగా కనబడును.

అమ్మకపు దినమున వ్రాయవలసిన దానికి మచ్చు ఇచ్చట ఇచ్చుచున్నాము:

తేదీ. ఏ చేని పత్తి, ఎన్నవ ఏరుడు. నిండు బండి తూకము 2,840 కిలోలు. ఖాళీ బండి 1,610 కిలోలు. అసలు సరకు 1,230 కిలోలు, అనగా 12 క్వింటాళ్ల 30 కిలోలు. తేమ నూటికి ఇంత. ధర క్వింటాలునకు 7,000. మొత్తము 86,100. హమాలీ మొదలగు కోతలు 600. చేతికి రావలసినది 85,500. తక్‌పట్టీ నంబరు. సొమ్ము వచ్చిన తేదీ, ఏ ఖాతాకు.

నిండు బండి తూకము, ఖాళీ బండి తూకము రెండును వ్రాయవలెనని గమనింపుడు. అసలు సరకు మాత్రమే వ్రాసికొన్నవాడు తీసివేతలో తప్పు జరిగినచో పట్టలేడు. తేమ కూడ వ్రాయవలసినదే. భారత పత్తి సంస్థవారు నూటికి 8 వరకు తేమయున్న పత్తికి పూర్తి మద్దతు ధర ఇచ్చి, ఆపైన 12 వరకు తగ్గించి కొని, 12 దాటినచో కొనరు. రెండు మూడు బండ్ల తేమ యంకెలు ప్రక్కప్రక్కన నున్నచో, ఎన్ని దినములారబెట్టిన పత్తి ఎంతకు వచ్చినదో రైతునకే తెలిసి, మరుసటి బండి తొందరపడి తీసికొనిపోడు.

బాకీల పేజీలు వెనుకనుండి మొదలుపెట్టుట వాడుక. తీసికొన్న తేదీ, ఎవరియొద్ద, ఎంత, వడ్డీ ఎంత. మనలో ‘నూటికి రెండు’ అని తేలికగా అందురు. అది నెలకు, సంవత్సరమునకు ఇరువదినాలుగు. ఏబదివేలు తొమ్మిది నెలలుంచినచో తొమ్మిదివేలు వడ్డీ. ఈ సంఖ్యను బాకీ తీసికొన్న దినముననే అసలు క్రింద వ్రాసికొన్నచో, అక్కరలేని పదివేలు కలిపి తీసికొనుటకు చేయి వెనుకాడును. అడ్తిదారునియొద్ద పంటపై ముందుగా తీసికొన్న సొమ్ము కూడ బాకీయే; దానిని బాకీ పేజీలో వ్రాయక మరచుటచే అమ్మకపు దినమున కోత చూచి ఆశ్చర్యపడువారు కలరు. చెల్లించినప్పుడు ఎదుటివారి సంతకమును మన పుస్తకముననే ఆ పంక్తి ప్రక్కన అడుగవలెను. అడుగుట అవమానము కాదు. సంఘము కార్యదర్శియైనను, బావమరిదియైనను అంతే. సొమ్ము అంకెలలోను అక్షరములలోను వ్రాయవలెను. మన ప్రాంతమున లెక్క చూచు నిద్దరిలో నొకరికి తెలుగు, మరియొకరికి మరాఠీయో ఉర్దూయో రావచ్చును గనుక ఇద్దరును చదువగల యంకెలు విడివిడిగా, పెద్దవిగా నుండవలెను.

కౌలుకు సాగుచేయు సోదరులకు ఈ పేజీ మరింత అవసరము. పట్టా వారి పేర లేదు. బిల్లులు కూడ కొన్నిసార్లు వారి పేర ఉండవు. కౌలు ఎంతకు మాటలాడుకొన్నది, ఎన్ని వాయిదాలలో నిచ్చినది, ఎవరి యెదుట ఇచ్చినది తమ పుస్తకముననైన వ్రాసికొనక పోయినచో, ఆ సంవత్సరము వారు ఆ చేను దున్నిరనుటకు చూపదగినది వారియొద్ద కాగితమే లేదు.

తప్పు పడినచో దిద్దునది యొకటే విధము. తప్పుపై ఒక్క గీత గీసి, చదువుటకు వీలగునట్లుంచి, ప్రక్కన సరియైనది వ్రాసి తేదీ వేయవలెను. తెల్లరంగు పూయుట, అంకెపై అంకె దిద్దుట, ఆకు చింపుట, ఈ మూడును మంచి పుస్తకమునకు కూడ విలువ పోగొట్టును. పంక్తుల నడుమ తరువాత నింపుదమని ఖాళీ విడువరాదు.

వ్రాయుట రానివారు ఏమి చేయుదురని కొందరడుగుదురు. ఇంట బడికి పోవు పిల్లయో పిల్లవాడో లేని యిల్లు మన మండలములలో నేడు తక్కువ. రాత్రి పది నిమిషములు చెప్పుచు వ్రాయించినచో ఇంటి పరిస్థితి పిల్లలకు తెలియును. బాసరలో సరస్వతీదేవి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుటకు దూరదేశముల నుండి వచ్చుచున్నారు. ఆ సన్నిధి మన ముథోల్ ప్రాంతమునకే దక్కినది. అచట పలకపై దిద్దించిన యక్షరమును ఇంటి జమాఖర్చులకు కూడ ఎందుకు వాడరాదు? ఈ విషయమున పురుషులు తమ యిండ్లలోని స్త్రీలను చూచి నేర్చుకొనవలసినది చాల కలదు. మహిళా సంఘముల పుస్తకములలో పొదుపు, అప్పు, వాయిదా, తీర్మానము సంతకములతో నిలుచుచున్నవి. అదే యింట చేని లెక్క మాత్రము గోడమీది బొగ్గుగీతలలో నున్నది.

సెల్‌ఫోను ఉండగా పుస్తకమెందుకని యువకులు నవ్వుదురు. ఫోనును మేము కాదనము. చీటీ చేతికి రాగానే ఫోటో తీయుట మంచి పద్ధతి. తక్‌పట్టీని పుస్తకపు పేజీతో కలిపి తీయుట ఇంకను మంచిది. కాని రెండేండ్లలో ఫోను మారును, పగులును, వాగులో పడును. వేయి పెండ్లి ఫోటోల నడుమ పడిన చీటీని వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే. ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చు పథకము 2022లో కేంద్ర ప్రభుత్వముచే మంజూరైనది. సంఘపు లెక్క యంత్రమున కెక్కిన కొలదియు, సభ్యుని చేతిలో తన లెక్క తనకుండుట మరింత అవసరమని మేము తలచుచున్నాము. యంత్రము తాను చూపిన యంకెనే చూపును. ఆ యంకె మనదో కాదో చెప్పవలసినది మనము.

పుస్తకమును దాచుట కూడ తెలియవలెను. ఎరువు బస్తాల గదిలో పెట్టరాదు. యూరియా, ఉప్పు గాలిలోని తేమను పీల్చి చుట్టునున్న కాగితమును మెత్తబరచును. నేలకు తాకుచున్న పెట్టెలో పెట్టినచో చెదలు పట్టును. పెట్టెను ఇటుకలపై నిలిపి, గోడకు జానెడు దూరము ఉంచవలెను. పిండిజిగురుతో అట్ట వేయుట మన యలవాటు. ఆ జిగురే కాగితపు పురుగులను పిలుచును. మైలుతుత్తము కొంచెము కలిపి కాచిన జిగురు వాడుట బైండింగువారి పాతపద్ధతి, అది విషము గనుక పిల్లలకు అందనీయరాదు. వానకాలమున ప్లాస్టిక్ సంచిలో గట్టిగా బిగించి కట్టినచో లోపలి చెమ్మ బయటికి పోక బూజు పట్టును. పాత నూలుగుడ్డలో చుట్టి, నెలకొకసారి నీడలో విప్పి ఆరబెట్టుట చాలును.

పుస్తకము నిండిన పిమ్మట వీపుపై సంవత్సరము వ్రాసి పాతవానితో చేర్చవలెను. సామాన్యమైన బాకీ దావాలకు గడువు మూడేండ్లు. బాకీదారు గడువు తీరకముందు బాకీ నొప్పుకొని సంతకము చేసినచో ఆనాటినుండి క్రొత్త గడువు మొదలగును. కావున చివరి వాయిదా తీరిన పిమ్మట కూడ నాలుగేండ్లయినను దాచుట క్షేమము. బోరు వేసిన నాటి లోతు, ఎన్నవ అడుగున నీరు తగిలినది, ఎన్ని అడుగుల గొట్టము దింపినది, మోటారు ఎన్ని గుర్రముల బలముది, చేని గట్లకు కొలత వేసిన నాటి హద్దులు, ఎవరెవరు నిలువబడిరి, ఇవి యున్న పుస్తకమును మాత్రము ఏ సంవత్సరమునను తీసివేయక వేరుగా నుంచి, ఇంటిలోని వారందరికి అది యెచ్చట నున్నదో చెప్పియుంచవలెను.